ఇరవయ్యేళ్ల బరోలో: వగరు కరిగే క్రమం

ఇటలీ ఎర్ర వైన్ బరోలో రంగును చూసి దాని బలాన్ని అంచనా వేయకూడదు. గ్లాసులో పోసినప్పుడు, కొత్తగా ఉన్న రోజుల్లో కూడా, అది వెనకనున్న వేళ్లు కనిపించేంత పలచగా ఉంటుంది. నలుపు తిరిగిన చిక్కటి ఎరుపు మాత్రమే గాఢతకు గుర్తు అనుకునేవారు దాన్ని తేలికపాటి వైన్‌గా భావించి పెద్ద గుక్క తీసుకుంటారు. మరుక్షణంలోనే నాలుక, చిగుళ్లు, బుగ్గల లోపలి భాగం వగరుతో బిగుసుకుపోతాయి. ఇటలీకి వాయవ్యాన ఉన్న పియెమోంటే ప్రాంతంలో, ఆల్బా పట్టణానికి నైరుతి దిక్కున ఉన్న లాంగే కొండల మీద పండే నెబ్బియోలో ద్రాక్ష స్వభావమే అంత. దాని తొక్కలో ఉండే రంగు పదార్థాల్లో త్వరగా ఆక్సీకరణ చెందే రకాల పాలు ఎక్కువ కావడం వల్ల రంగు నిలవదు. వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు, పులుపు మాత్రం సమృద్ధిగా ఉంటాయి. ఈ వగరు ఎంత కాలానికి కరుగుతుంది, కరిగే లోపల పండు రుచి ఎంత మిగులుతుంది అన్న రెండు ప్రశ్నలే పాత బరోలోను రుచి చూడటంలో అసలు విషయమని నేను నమ్ముతాను. ఒకే వైన్‌ను వేర్వేరు వయసుల్లో రుచి చూసే అవకాశం దొరికినప్పుడు ఆ రెండు ప్రశ్నలకూ సమాధానం నాలుక మీదే దొరుకుతుంది.

నేను చాలా కాలంగా అనుసరిస్తున్న వైన్ 2004 పంటకు చెందినది, సెర్రలుంగ దాల్బా గ్రామపు తోటలది. గ్రామం పేరు చెప్పడానికి కారణం ఉంది. బరోలో పేరుతో వైన్ తయారు చేయడానికి అర్హత ఉన్న గ్రామాలు పదకొండు. వాటి నేలలు ఒక్క తీరుగా ఉండవు. పడమటి వైపున్న లా మొర్రా, బరోలో గ్రామాల్లో నీలం ఛాయ ఉన్న సున్నపు బంకమట్టి ఎక్కువ. అక్కడి వైన్లు త్వరగా విచ్చుకుంటాయి, వాటి పరిమళం ముందుగా పలకరిస్తుంది. తూర్పు వైపున్న సెర్రలుంగ, దక్షిణాన ఉన్న మోన్‌ఫోర్తె దాల్బా నేలలు అంతకంటే పాతవి, ఇసుకరాయి పొరలు కలిసి గట్టిపడినవి. అక్కడి వైన్లు తొలి సంవత్సరాల్లో కటువుగా, మూసుకుపోయి ఉండి, ఆలస్యంగా దారికొస్తాయి. ఇది స్థూలమైన విభజన మాత్రమే, తోట తోటకీ తేడాలుంటాయి. అయినా ఒక సీసాను ఎప్పుడు తెరవాలో ఆలోచించేటప్పుడు ఈ తూర్పు పడమరల తేడా నాకు ఇప్పటికీ పనికొస్తుంది. 2004 సంగతికొస్తే, అది తొందర లేని పంట. 2002లో వానలూ వడగళ్లూ, 2003లో విపరీతమైన ఎండలూ అనుభవించిన లాంగే రైతులకు ఆ ఏడు నిదానంగా, సమంగా పండిన కాయ దక్కింది. నెబ్బియోలో వసంతంలో అన్ని ద్రాక్షల కంటే ముందే చిగురించి, అన్నిటి తర్వాత, సాధారణంగా అక్టోబరులో, కోతకు వస్తుంది. అంత సుదీర్ఘమైన కాలంలో ఏ వారం చెడినా పంట మీద ముద్ర పడుతుంది కాబట్టి బరోలో విషయంలో పంట సంవత్సరానికి ఉన్న ప్రాముఖ్యం అతిశయోక్తి కాదు.

ఇప్పటి నిబంధన ప్రకారం బరోలో కోత జరిగిన ఏడాది నవంబరు 1 నుంచి లెక్కించి కనీసం 38 నెలలు మాగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి. రిసెర్వా అనే పేరు పెట్టాలంటే 62 నెలలు ఆగాలి. 2004 పంట సీసాలు అంగళ్లకు వచ్చింది 2008లో. ఏ పీపాలో మాగిందన్నది కూడా అడగవలసిన విషయమే. వేల లీటర్లు పట్టే పాత స్లవోనియా (క్రొయేషియాలోని ప్రాంతం) ఓక్ పీపాలు చెక్క వాసనను దాదాపుగా ఇవ్వవు, గాలిని మాత్రం నెమ్మదిగా రానిస్తాయి. 225 లీటర్ల కొత్త ఫ్రెంచి పీపాలు రంగును నిలబెట్టి, వనిల్లా, కాల్చిన చెక్క వాసనలను జోడిస్తాయి. 1980లలో, 1990లలో ఈ రెండు పద్ధతుల మధ్య లాంగేలో పెద్ద వివాదమే నడిచింది; ఒకవైపు కొత్త పద్ధతి పట్టిన వైన్ తయారీదారు ఏలియో ఆల్తారె తన తండ్రి పాత పీపాలను రంపంతో కోసివేస్తే, మరోవైపు బార్తొలో మస్కరెల్లొ వంటి తయారీదారులు పెద్ద పీపాను చివరి వరకూ వదల్లేదు. ఇప్పుడు ఆ వేడి చల్లారింది, చాలామంది మధ్యేమార్గంలో ఉన్నారు. నేను చెబుతున్న వైన్ పెద్ద పీపాల్లో మాగినదే, అందువల్ల దాని మార్పుల్లో చెక్క పాత్ర తక్కువ, ద్రాక్ష పాత్ర ఎక్కువ.

ఆ వైన్‌కు ఎనిమిదేళ్లు ఉన్నప్పుడు అది నాకు పెద్దగా ఆనందం ఇవ్వలేదు, గౌరవం మాత్రం కలిగించింది. ముక్కుకు ఎర్ర చెర్రీ, కొత్త గులాబీ, ఆ వెనకే వేడి తారు వాసన అందేవి. నోట్లోకి వెళ్లాక పండు రుచి రెండు క్షణాలు మెరిసి, వగరు కింద అణగిపోయేది. లాలాజలంలో ఉండే, నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లకు టానిన్లు అతుక్కుని వాటిని ముద్దకట్టించడం వల్ల ఆ గరుకుదనం పుడుతుంది. అందుకే రెండో గుక్క మొదటి దానికంటే, మూడోది రెండో దానికంటే వగరుగా అనిపిస్తుంది. వైన్ ఒక్కదాన్నే తాగుతూ కూర్చుంటే ఈ వగరు పేరుకుపోతుంది. కొవ్వు, ప్రోటీన్ ఉన్న ఆహారం పక్కన ఉంటే టానిన్లు వాటిని పట్టుకుని నోటిని కొంత వదిలిపెడతాయి. బరోలోలోనే నానబెట్టి గంటల తరబడి ఉడికించే గొడ్డుమాంసం పియెమోంటే వంటకాల్లో స్థిరపడటం వెనక ఈ ఇంగితం ఉందనే నాకు అనిపిస్తుంది.

సీసాలో జరిగేది చాలామంది అనుకునేంత సరళమైన ప్రక్రియ కాదు. టానిన్లు ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతో కూడా కలిసి పెద్ద అణువులవుతాయి. వాటిలో కొంత భాగం ద్రవంలో నిలవలేక మడ్డిగా అడుగుకు చేరుతుంది, కొంత భాగం వైన్‌లోని ఆమ్లం వల్ల తిరిగి విడిపోతుంది. ఎరుపు ఇటుక రంగులోకి, అంచు దగ్గర నారింజ ఛాయలోకి మారడం ఈ రసాయన మార్పుల పైకి కనిపించే ముఖం. అయితే పులుపు దాదాపుగా తగ్గదు. వగరు, పండు రుచి రెండూ తగ్గిన కొద్దీ పులుపు ఉన్నచోటే ఉండి ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. పాత వైన్ పుల్లబడిందని ఎవరైనా అంటే చాలాసార్లు నిజంగా జరిగింది పులుపు పెరగడం కాదు, దాన్ని కప్పి ఉంచిన గుజ్జు తగ్గడమే. ఈ సంగతి తెలిశాక నేను కొత్త బరోలోను రుచి చూసేటప్పుడు వగరును చూసి భయపడటం మానేశాను. నా దృష్టి ఇప్పుడు పండు ఎంత ఉందన్న దాని మీదే ఉంటుంది, ఎందుకంటే ముందుగా ఖర్చయ్యేది అదే.

పద్నాలుగో ఏట అదే వైన్ పూర్తిగా వేరే మనిషిలా ఎదురైంది. మధ్యలో ఒక దశలో అది పరిమళం తగ్గి, ముభావంగా ఉండిపోయింది. ఆ కాలంలో తెరిచినవారు నిరుత్సాహపడి ఉంటారు. ఆ దశ దాటాక, చెర్రీ రుచి ఎండు చెర్రీగా మారి ఇంకా నిలిచే ఉంది, గులాబీ వాసన ఎండిన రేకుల వాసనగా మారింది, తారు ఘాటు తగ్గి ఆ స్థానంలో అతిమధురం చెక్కను నమిలినప్పటి తీపి కలిసిన చేదు వచ్చింది. వగరు పోలేదు, గరుకుదనం పోయింది. రుచి ముగిసిన చాలాసేపటికి గాని దాని ఉనికి తెలియనంత సన్నగా మారింది. అప్పుడే మొదటిసారిగా ఆ వైన్‌లో మట్టి, పుట్టగొడుగు, తోలు వాసనలు పండు రుచితో కలిసి కనిపించాయి. పండు ఇంకా ఉండగానే నేల వాసన రావడం మొదలయ్యే ఈ మధ్యకాలమే బరోలోకు అత్యుత్తమ వయసని నా నిశ్చితాభిప్రాయం. చాలా పాత సీసాల పట్ల ఉన్న భక్తిని నేను అర్థం చేసుకోగలను, కాని అందులో పాలుపంచుకోలేను.

ఇరవై ఏళ్లు నిండాక సీసా తెరవడానికి కొంత సన్నాహం కావాలి. అడ్డంగా పడుకోబెట్టి ఉంచిన సీసాను రెండు రోజుల ముందే నిలబెడితే గోడకు అంటుకున్న మడ్డి నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. నెబ్బియోలో మడ్డి చాలా సన్ననిది, నోటికి చేదుగా, మట్టిలా తగులుతుంది. ఒకసారి కదిలితే మళ్లీ పేరుకోవడానికి గంటలు పడుతుంది. నేను తెరిచిన సీసా బిరడా పై సగం ఎండి గట్టిగా, కింది సగం ఊదారంగు పట్టి మెత్తగా ఉంది. అటువంటి బిరడాలోకి మర దించితే మధ్యలో విరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి రెండు పలుచని రేకులను బిరడాకు, గాజుకు మధ్య దించి, మెల్లగా తిప్పుతూ లాగే సాధనాన్ని వాడాను. ఆ తర్వాత సీసా మెడ కింద దీపం ఉంచి, ఆగకుండా ఒకే ధారగా వేరే పాత్రలోకి వంచాను. వెలుతురులో వైన్ మొదట తేటగా మెరుస్తూ వచ్చింది, చివరికొచ్చేసరికి పొగలాంటి సన్నటి చార మెడ వైపు పాకింది, అక్కడ ఆపేశాను. అడుగున మిగిలింది ఒక చిన్న గ్లాసెడు కూడా లేదు.

మొదటి పావుగంటలో వాసన నిరాశపరిచేదిగా ఉంది: చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిచినప్పటి ముక్క వాసన, దాని వెనక ఏదో తడిసిన ఆకుల వాసన. చెడిన బిరడా వల్ల వచ్చే బూజు వాసన గాలి తగిలిన కొద్దీ పెరుగుతుంది గాని తగ్గదు. ఇది తగ్గింది, అందువల్ల సీసా బాగానే ఉందని తేలింది. అరగంట తర్వాత ఎండు గులాబీ వచ్చింది, గంట దాటాక నారింజ తొక్క, పొగాకు, అతిమధురం ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. నోట్లో మొదట తెలిసింది పులుపే, శుభ్రంగా, నిటారుగా. దాని మీద పలచటి ఎండు పండు రుచి, చివర్లో సన్నటి వగరు. ఎనిమిదో ఏట అణచివేసినట్టు అనిపించిన ఆ వగరే ఇప్పుడు రుచిని నాలుక మీద నిలిపి ఉంచుతోంది. రెండో గంట ముగిసేసరికి అది తన శిఖరానికి చేరింది, మూడో గంటలో పండు జారిపోవడం మొదలై పులుపు పైకి తేలింది. అంత పాత వైన్‌ను ఉదయం తెరిచి సాయంత్రం వరకూ గాలికి వదిలేయమని ఇచ్చే సలహాను నేను పాటించను. కొత్త బరోలోకు అది మేలు చేయవచ్చు. ఇరవయ్యేళ్లు దాటిన దానికి తెరిచిన వెంటనే గ్లాసులో పోసుకుని, అక్కడే అది మారుతుంటే చూడటం మంచిది. పదహారు, పద్దెనిమిది డిగ్రీల మధ్య ఉంటే చాలు. అంతకంటే వెచ్చనైతే ఆల్కహాల్ ముందుకొచ్చి సున్నితమైన వాసనలను మింగేస్తుంది, మరీ చల్లనైతే వగరు మళ్లీ పదునెక్కుతుంది.

ఇక్కడ చెప్పినదంతా సవ్యంగా నిలవ చేసిన సీసాకే వర్తిస్తుంది. పన్నెండు, పద్నాలుగు డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా, బిరడా ఎండకుండా పడుకోబెట్టి ఉంచిన సీసాకు, కొన్ని వేసవులు వేడి గదిలో గడిపిన సీసాకు మధ్య తేడా పంట సంవత్సరాల మధ్య తేడా కంటే పెద్దది. వేడికి గురైన సీసాలో రంగు ముందే గోధుమ రంగుకు తిరుగుతుంది, పండు ఉడికిన రుచి ఇస్తుంది, వగరు మాత్రం అలాగే ఉండిపోతుంది. అప్పుడు వైన్ మాగినట్టు కాదు, వాడినట్టు. సీసా మెడలో వైన్ మట్టం భుజం వైపు బాగా దిగి ఉంటే గాలి లోపలికి చేరిందని అర్థం. పాత సీసా కొనేటప్పుడు నేను ముందు చూసేది చీటీ మీది పేరు కంటే ఆ మట్టాన్నే.

వగరు, పండు పోటీలో ఏ పంటకు ఆ పంట లెక్క వేరు. 1996 బరోలోలు పులుపూ టానిన్లూ గట్టిగా ఉన్నవి. వాటిలో మంచివి ఇప్పటికీ నిటారుగా నిలబడి ఉన్నాయి, కొన్నింటిలో మాత్రం పండు ముందే అలసిపోయి వగరు ఒంటరిగా మిగిలింది. 1997, 2003 వంటి వేడి సంవత్సరాలవి చిన్న వయసులోనే మెత్తగా, తియ్యగా అనిపించాయి, వాటిని ఇంకా దాచుకోవడంలో నాకు ప్రయోజనం కనిపించదు. 2010, 2016 పంటల్లో పండు, పులుపు, వగరు మూడూ సమానమైన బలంతో ఉన్నాయి. ఈ రెండింటిలో సెర్రలుంగ, మోన్‌ఫోర్తె సీసాలు ఉన్నవారు 2016ను ఇంకా కదపకుండా ఉంచి, 2010తో మొదలుపెట్టవచ్చు. లా మొర్రా సీసాలైతే రెండు పంటలవీ ఇప్పుడే తెరవచ్చు.