ఇంటర్‌ఫేస్ ఏ రకమైనా ముందు అడగాల్సింది: యూజర్ ఎంత గుర్తుపెట్టుకోవాలి?

కంప్యూటర్ ఇంటర్‌ఫేస్‌లు ఎన్ని రకాలని వెతికితే కమాండ్ లైన్, మెనూ, ఫారం, గ్రాఫికల్, టచ్, వాయిస్ అని ఒక జాబితా దొరుకుతుంది. పరీక్ష రాయడానికి అది చాలు, డిజైన్ చేయడానికి చాలదు. పని పూర్తికావాలంటే యూజర్ తలలో ఎంత ఉండాలి, తెర మీద ఎంత కనబడాలి? నా ఉద్దేశంలో రకాల మధ్య తేడా అక్కడుంది. రోజంతా అదే పని చేసేవాళ్లు చాలా గుర్తుపెట్టుకుంటారు. ఏడాదికోసారి వచ్చేవాళ్లకు ఏదీ గుర్తుండదు. ఏ రకం ఎంచుకోవాలన్నది ముందు దీన్నిబట్టే తేల్చుకోవాలి, రంగులూ ఐకాన్లూ ఆ తర్వాత.

కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసి పని చేయించుకునే చోట, భారమంతా యూజర్ మీదే. కమాండ్ పేరు, ఆప్షన్లు, ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నామన్నది అన్నీ తలలోనే ఉండాలి. దానికి తగ్గ ఫలితం కూడా ఉంటుంది: వెయ్యి ఫైళ్ల పేర్లు ఒక్క లైనుతో మారిపోతాయి, అదే లైనును స్క్రిప్టులో పెడితే రోజూ దానంతటదే నడుస్తుంది. ఇలాంటి టూల్ రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది అవుట్‌పుట్ దగ్గర. ప్రోగ్రాం మాటలు బయటికొచ్చే దారులు రెండు: ఫలితం స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి, ఎర్రర్లు స్టాండర్డ్ ఎర్రర్‌కి వెళ్లాలి. రెండూ కలిపేస్తే, పైప్ పెట్టి ఇంకో ప్రోగ్రాంకి పంపినప్పుడు ఎర్రర్ వాక్యం కూడా డేటాగా చేరిపోతుంది. ముగిసేటప్పుడు ప్రోగ్రాం తిరిగిచ్చే సంఖ్య ఎగ్జిట్ కోడ్: పని సవ్యంగా అయితే 0, కాకపోతే ఇంకేదైనా సంఖ్య. తొలగించే ప్రతి కమాండ్‌కీ డ్రై రన్ ఉండాలి, అంటే ఏమీ ముట్టుకోకుండా ఏమేం పోతాయో మాత్రం చూపించే ఆప్షన్. యూనిక్స్‌లో ఫైళ్లు తొలగించే ఆర్‌ఎమ్ కమాండ్‌కి రీసైకిల్ బిన్ లేదు. పేరు పక్కన ‘ఆ తర్వాత ఏదైనా సరే’ అని చెప్పే స్టార్ గుర్తుకు ముందు పొరపాటున ఒక స్పేస్ పడిందంటే, ఒక పేరుతో మొదలయ్యే ఫైళ్లకు బదులు ఫోల్డర్‌లో కనబడే ఫైళ్లన్నీ పోతాయి.

మెనూ ఆ భారాన్ని తెర మీదకి తెస్తుంది. చదివి ఎంచుకుంటే చాలు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది వరస దగ్గర. ఏటీఎం డబ్బు ముందు ఇచ్చి కార్డు తర్వాత ఇస్తే, జనం కార్డు వదిలేసి వెళ్లిపోతారు. వచ్చిన పని డబ్బుది, అది చేతికి రాగానే మనసులో పని అయిపోయినట్టే. అందుకే చాలా యంత్రాలు కార్డు తీసుకున్నాకే డబ్బు ఇస్తాయి. మీ సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే: యూజర్ కోరుకున్నది దక్కాక ఇంకో మెట్టు మిగిలిందంటే ఆ మెట్టు మర్చిపోతారు, దాన్ని ముందుకు జరపండి.

వాయిస్‌లో కథ వెనక్కి తిరుగుతుంది. విన్నది గాలిలో కలిసిపోతుంది కాబట్టి మళ్లీ జ్ఞాపకం మీదే ఆధారం. ఫోన్ మెనూలో ‘1 నొక్కితే కార్డు బ్లాక్ అవుతుంది’ అంటే, తనకు కావాల్సింది వినబడేసరికి అంకె జారిపోతుంది. ‘కార్డు బ్లాక్ చేయడానికి, 1 నొక్కండి’ అనాలి: పని ముందు, అంకె వెనక. ఒక విడతలో నాలుగు ఎంపికలకు మించకుండా చూడండి. మధ్యలో నొక్కితే మాట ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరి. చాట్‌బాట్ ఖాళీ పెట్టె చూడటానికి సులువుగా ఉంటుంది, కానీ ఏం అడగొచ్చో అది చెప్పదు. ఆ విషయంలో అది కమాండ్ లైన్‌కు చుట్టమే. రెండు మూడు నమూనా ప్రశ్నలు నొక్కడానికి వీలుగా పెడితే సగం ఇబ్బంది తీరుతుంది.

గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ చరిత్ర చాలామందికి తెలిసిందే: 1963లో తెర మీదే బొమ్మలు గీసే ఐవాన్ సదర్లాండ్ ప్రోగ్రాం స్కెచ్‌ప్యాడ్, 1968లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్ ప్రదర్శన, 1973లో జిరాక్స్ ఆల్టో కంప్యూటర్, 1984లో ఆపిల్ మాకింతోష్. డిజైనర్‌కు రోజూ పనికొచ్చేది మాత్రం 1954లో సైకాలజిస్ట్ పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం. గురి ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే దాన్ని అందుకోవడానికి అంత సమయం పడుతుంది. తరచూ వాడే బటన్ పెద్దగా, దగ్గరగా ఉండాలి. తొలగించే బటన్ దానికి ఆనుకుని ఉండకూడదు. టచ్‌లో కొలతలు ఖాయంగా ఉన్నాయి: ఆపిల్ 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ 48 డీపీ (రెండూ తెర పిక్సెళ్ల సాంద్రతతో మారని కొలతలు) చెబుతాయి, వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం 2.2లో డబుల్ ఏ అనే మధ్య స్థాయికి కనీసం 24 పిక్సెళ్లు. ఐకాన్ 24 ఉన్నా పరవాలేదు, చుట్టూ ఖాళీ (ప్యాడింగ్) ఇచ్చి వేలు తగిలే చోటుని 48కి పెంచండి.

ఫారాల దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది పని మధ్యలో వదిలేసేది ఇక్కడే కాబట్టి. లేబుల్ పెట్టె పైన ఉండాలి. పెట్టె లోపల బూడిదరంగు అక్షరాల్లో పెడితే టైప్ చేయగానే మాయమవుతుంది, సగం నింపాక వెనక్కి చూస్తే ఏ పెట్టెలో ఏం రాశారో తెలియదు. ఫోన్ నంబరు, కార్డు నంబరు, ఓటీపీలకు నంబర్ రకం ఫీల్డ్ వాడొద్దు. అవి లెక్కలు కట్టే సంఖ్యలు కావు. ముందున్న సున్నా పోవచ్చు, కొన్ని బ్రౌజర్లలో మౌస్ చక్రం తిప్పితే అంకె మారిపోతుంది. టెక్స్ట్ ఫీల్డ్‌గానే ఉంచి ఇన్‌పుట్‌మోడ్ అనే సెట్టింగ్‌ని న్యూమరిక్ అని పెట్టండి; ఫోన్‌లో అంకెల కీబోర్డే వస్తుంది. కార్డు నంబరు మధ్యలో స్పేస్ కొడితే తప్పు పట్టొద్దు, కోడ్‌లో తీసేసుకోండి. పాస్‌వర్డ్ పెట్టెలో పేస్ట్ ఆపేయడం భద్రత అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. దానివల్ల పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవాళ్లకు అడ్డం, తేలిక పాస్‌వర్డ్ పెట్టుకునేవాళ్లకు ప్రోత్సాహం. తప్పు చూపించడానికీ వేళ ఉంది. ఈమెయిల్ మొదటి అక్షరం కొట్టగానే ‘చెల్లదు’ అని ఎర్రగా అరవకూడదు, పెట్టె దాటి వెళ్లాక చెప్పాలి. ఒకసారి తప్పు చూపించాక మాత్రం, సరిదిద్దిన క్షణంలోనే ఆ ఎరుపు పోవాలి. సబ్మిట్ విఫలమైతే నింపినవన్నీ అలాగే ఉండాలి.

ఇక అన్ని రకాలకూ వర్తించేది, నేను అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది: తెర మీద చూపించేది నిజమైన స్థితి అయ్యుండాలి. 1979 మార్చిలో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో ఒక వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయింది. కంట్రోల్ ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరిపోయింది. దీపం ఆరడం చెప్పేది వాల్వ్ మూసుకుందని కాదు, మూయమని సిగ్నల్ వెళ్లిందని. మూసుకుందనుకున్న ఆపరేటర్లకు శీతలీకరణ నీరు బయటికి పోతున్న సంగతి రెండు గంటలకు పైగా అంతుబట్టలేదు. సర్వర్‌కి రిక్వెస్ట్ పంపగానే ‘సేవ్ అయింది’ అని టిక్ పెట్టే యాప్ చేసేదీ అదే తప్పు. పంపుతున్నాం, చేరింది, చేరలేదు: ఈ మూడూ వేర్వేరుగా కనబడాలి.

సమయం లెక్కలు దశాబ్దాలుగా మారలేదు. 0.1 సెకను లోపు జవాబొస్తే వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది. 1 సెకను దాటితే ఆలోచన తెగుతుంది. 10 సెకన్లు దాటితే మనసు వేరే పనికి మళ్లుతుంది, అక్కడ ఎంత అయిందో చూపే పట్టీ, రద్దు చేసే బటన్ రెండూ కావాలి. పని ఎంత సేపు పట్టినా, నొక్కిన బటన్ మాత్రం 0.1 సెకనులో నొక్కినట్టు కనబడాలి. లేకపోతే మళ్లీ నొక్కుతారు, చెల్లింపు రెండుసార్లు పోతుంది. బటన్‌ని పనిచేయకుండా చేస్తే సరిపోదు, నెట్‌వర్క్ తెగి యాప్ తనంతట తానే మళ్లీ పంపొచ్చు. ప్రతి చెల్లింపుకీ యాప్ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య పంపి, అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ కొత్త చెల్లింపు చేయకుండా పాత జవాబే ఇవ్వాలి.

ఎర్రర్ మెసేజ్ ప్రాణం తీయగలదనడానికి థెరాక్-25 సాక్ష్యం. 1985–87 మధ్య ఈ రేడియేషన్ యంత్రం ఆరుగురికి మోతాదుకు ఎన్నో రెట్లు రేడియేషన్ ఇచ్చింది. అసలు లోపం సాఫ్ట్‌వేర్‌ది. కానీ తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ లాంటి మాట తప్ప వివరణ ఏమీ కనబడేది కాదు, పీ కీ నొక్కితే చికిత్స కొనసాగేది. ఇలాంటి సందేశాలు రోజూ వస్తుంటే నొక్కి ముందుకెళ్లడం చేతికి అలవాటైపోతుంది. మెసేజ్‌లో ఏం జరిగింది, ఏది భద్రంగా ఉంది, ఇప్పుడేం చేయాలి అన్నవి ఉండాలి. ‘ఫోటో అప్‌లోడ్ కాలేదు, సైజు 5 ఎంబీ దాటింది. మీరు రాసినదంతా అలాగే ఉంది. చిన్న ఫోటో ఎంచుకోండి.’ కోడ్ నంబరు కావాలంటే అడుగున చిన్నగా పెట్టుకోవచ్చు. ‘నిజంగా తొలగించాలా?’ అని ప్రతిసారీ అడగడం కన్నా తొలగించేసి వెనక్కి తెచ్చుకునే వీలు ఇవ్వడం మేలు. వెనక్కి రాని పనైతే బటన్ మీద ‘సరే’ అని రాయొద్దు, ‘37 ఫైళ్లు తొలగించు’ అని రాయండి.

తెలుగులో ఇంటర్‌ఫేస్ చేసేవాళ్లకు ఒక చిక్కు అదనం. గుడులు పైకి, ఒత్తులు కిందికి పోతాయి, ఇంగ్లిష్‌కి సరిపోయిన బటన్ ఎత్తు ఇక్కడ అక్షరాలను కోసేస్తుంది. లైన్ హైట్ (వరస ఎత్తు) 1.5 కన్నా తగ్గించకండి, బటన్‌కి స్థిరమైన ఎత్తు పెట్టకండి. ‘స్త్రీ’ కంటికి ఒక్క అక్షరం, అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్‌లో 6 కోడ్ పాయింట్లు (విడి గుర్తులు), వాటిని నిల్వ చేసే యూటీఎఫ్-8లో 18 బైట్లు. ‘20 అక్షరాలకు మించకూడదు’ అని కోడ్ పాయింట్లు లెక్కపెడితే తెలుగు పేర్లు ముందే ఆగిపోతాయి. అక్కడే కోస్తే పొల్లు ఒంటరిగా మిగలొచ్చు. కోయడం మీ కోడ్‌లో కాకుండా బ్రౌజర్‌కి వదిలేయండి. అక్షరాల రంగుకీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి.

పరీక్షించడానికి మీ టీమ్‌లో లేనివాళ్లు ఐదుగురు దొరికితే పెద్ద లోపాల్లో చాలావరకు బయటపడతాయి. డిజైన్ ఫైలులోని అందమైన ఐదు పేర్లతో కాకుండా, ఏమీ లేని జాబితాతో, ఐదు వేల వరసలతో, రెండు లైన్లకు సాగే పేరుతో చూపించండి. పని అప్పజెప్పేటప్పుడు తెర మీది మాటలు వాడొద్దు. బటన్ మీద ‘బదిలీ’ అని ఉంటే ‘మీ అన్నయ్యకు డబ్బు పంపండి’ అనండి, లేకపోతే మీరు చూస్తున్నది మాటల వెతుకులాట మాత్రమే. వాళ్లు తడబడినప్పుడు సాయం చేయకండి. ఎక్కడ ఆగారో, ఆగే ముందు వేలు దేనివైపు వెళ్లిందో రాసుకోండి.