ఇంటి కంప్యూటర్‌లోకి తెలుగు వచ్చిన విధం

ఇంట్లో పిల్లలతో తెలుగే మాట్లాడుతున్నాం కదా, ఇంకేం కావాలి అనే మాట ఇక్కడి తెలుగు కుటుంబాల్లో తరచూ వింటుంటాను. నాకు మాత్రం అది చాలదనే అనిపిస్తుంది. అలా వచ్చే తెలుగు అన్నం తిన్నావా, స్నానం చేశావా, అమ్మమ్మకి నమస్కారం పెట్టు అనే దగ్గర ఆగిపోతుంది. పిల్లలు చదివేదీ, వెతికేదీ, స్నేహితులకి రాసేదీ అంతా స్క్రీన్ మీదే, ఆ స్క్రీన్ మీద తెలుగు అక్షరం కనపడదు. పనంతా ఒక భాషలో, ముద్దుముచ్చట్లు ఇంకో భాషలో అయితే పదేళ్ళు దాటాక పిల్లలు పని ఉన్న భాషవైపే వెళ్ళిపోతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మా ఇంట్లో ఈ వరస కాస్త మారింది. మార్చింది హాల్లో ఉన్న పాత కంప్యూటర్, ఇంకా చెప్పాలంటే దాంట్లో విండోస్ తీసేసి మేం ఎక్కించిన లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్.

మేముండేది జర్మనీలో, న్యూరెంబర్గ్ పక్కనే ఉన్న ఎర్లాంగెన్‌లో. పెద్దాడికి 11 ఏళ్ళు, పాపకి 7. బడిలో జర్మన్, మూడో తరగతి నుంచి ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. కంప్యూటర్ 2017లో కొన్నది, ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కూడా దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైది అయ్యుండాలి. యూరప్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఉచితంగా వస్తాయన్నారు, బాగానే ఉంది, ఏడాది తర్వాత మళ్ళీ ఇదే టెన్షన్. కొత్తది కొనేద్దాం అన్నారు మా ఆయన. నాకు మనసొప్పలేదు. ర్యామ్ పెంచాం, ఎస్ఎస్‌డీ వేయించాం, చక్కగా నడుస్తోంది, దాన్ని తీసుకెళ్ళి చెత్తలో పడేయడమేంటి?

జర్మనీలో చాలా ఊళ్ళలో రిపేర్ కెఫేలని ఉంటాయి. పాడైన టోస్టరో కుట్టుమిషనో పట్టుకెళ్తే, పని తెలిసిన పెద్దవాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని మన చేతే బాగు చేయిస్తారు, డబ్బులు అడగరు, ఇష్టమైతే డబ్బాలో ఎంతో కొంత వేసి రావచ్చు. విండోస్ 10 గడువు దగ్గర పడ్డప్పుడు 'ఎండ్ ఆఫ్ 10' అనే ప్రచారంలో భాగంగా ఇలాంటి చోట్ల పాత కంప్యూటర్లకి లినక్స్ ఎక్కించి ఇవ్వడం మొదలుపెట్టారు. ఫొటోలన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, సీపీయూ డబ్బాని కారులో వేసుకుని, పెద్దాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. అక్కడున్న పెద్దాయన లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ ఇచ్చారు. దాని గొప్పేంటంటే డిస్క్‌లో ఉన్నదేదీ కదపకుండా పెన్‌డ్రైవ్‌లోంచే నడిపి చూసుకోవచ్చు, వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా, ప్రింటర్ కనపడుతోందా అని. అన్నీ వచ్చాయి. ఇక ఎక్కించేద్దామా అని ఆయన మౌస్ మావాడి చేతికిచ్చారు.

మొదటి స్క్రీనే భాషల జాబితా, ప్రతి భాష పేరూ దాని లిపిలోనే ఉంటుంది. జర్మన్ కోసం వెతకాల్సినవాడు జాబితా చివరిదాకా వెళ్ళి, తమిళానికీ కన్నడకీ మధ్యలో ఆగి, "అమ్మా, మన తెలుగు కూడా ఉందే!" అని అరిచాడు. పెద్దాయన ఏంటని అడిగితే జర్మన్‌లో చెప్పాడు, ఇది మా ఇంటి భాష అని. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఆ అక్షరాలు చూసి, ఒక్కొక్కరికి ఒక్కో భాష పెట్టుకోవచ్చు తెలుసా అన్నారు. నిజమే, ఒకే కంప్యూటర్‌లో నాన్న ఖాతా ఇంగ్లీషులో, పాపది జర్మన్‌లో, వాడిది తెలుగులో పెట్టుకోవచ్చు. వాడు అక్కడికక్కడే తనది తెలుగు అన్నాడు. నేను అడగలేదు.

విండోస్‌లో కూడా తెలుగు పెట్టుకోవచ్చు, ఇంతకుముందు నేను ఒకసారి అడిగాను కూడా, వద్దంటే వద్దన్నాడు. ఎందుకంటే అందులో వాడికి ఏది ఎక్కడుందో చేతికి అలవాటు, మధ్యలో తెలుగు వస్తే అడ్డమే. ఇప్పుడు అన్నీ కొత్తే. సెట్టింగులెక్కడో తెలియదు, ఫైళ్ళు ఎక్కడ దాచాలో తెలియదు, ప్రోగ్రామ్ కావాలంటే ఏం చేయాలో నాకూ తెలియదు, వాళ్ళ నాన్నకీ తెలియదు. అన్నీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు ఏ భాషలో నేర్చుకుంటే ఏం? పిల్లల అలవాట్లు గట్టిపడ్డాక వాటిలోకి ఇంటి భాషని జొప్పించడం చాలా కష్టం. అలవాటు ఇంకా పుట్టనిచోట పెడితే దానంతటదే నిలుస్తుందని నేను ఇక్కడ కళ్ళారా చూశాను. ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి, మెనూలన్నీ తెలుగులో రావు, చాలాచోట్ల ఇంగ్లీషే మిగిలిపోతుంది. తర్జుమా చేసినవాళ్ళలో చాలామంది జీతం లేకుండా తీరిక వేళల్లో చేసినవాళ్ళే, హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు తెలుగులోనే ఒక లినక్స్ తయారుచేశారు. వాళ్ళందరికీ నేను రుణపడి ఉన్నాను.

అసలు కథ కీబోర్డు దగ్గర మొదలైంది. తెలుగు టైపింగ్ అంటే మా తరానికి ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు రావడమే. ఆర్టీఎస్ అనే ఆ పద్ధతి తొంభైల్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్ళు చేసింది, పేరులో మొదటి అక్షరం ఆ రైస్‌దే. ప్రవాసంలో ఉన్నవాళ్ళు ఇంటర్నెట్‌లో తెలుగు రాసుకోగలిగారంటే దాని పుణ్యం చాలా ఉంది. కానీ జర్మన్‌లో చదువుకునే పిల్లాడికి అది కుదరదు. వాడి బడిలో జె అంటే య శబ్దం, డబ్ల్యూ అంటే వ, వి చాలా మాటల్లో ఫ, జెడ్ అంటే ట్స. జామకాయ అని కొట్టమంటే వాడి వేలు జె మీదికి వెళ్ళదు, ఎందుకు వెళ్ళాలి కూడా? రెండు పరాయి భాషల శబ్దాల మధ్య ఇరుక్కుని తెలుగు రాయాల్సి వస్తుంది.

అందుకే ఇన్‌స్క్రిప్ట్ పెట్టాం. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు అని కలిపితే చాలు, ఏదీ దించుకోనక్కర్లేదు. చాలా భారతీయ భాషలకి ఒకే వరసలో ప్రభుత్వం ఎనభైల్లో ఖరారు చేయించిన కీబోర్డు ఇది. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. క ఉన్న కీకే షిఫ్ట్ పట్టుకుంటే ఖ, గ దగ్గరే ఘ, త దగ్గరే థ, ప దగ్గరే ఫ. మొదటి రోజు వాడికి నేను చూపించిన మాట అమ్మమ్మ. షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే అ. సి నొక్కితే మ. ఉత్తి డి నొక్కితే పొల్లు. షిఫ్ట్ డి, తర్వాత సి డి సి, మళ్ళీ సి డి సి, అంతే, రెండే కీలతో అమ్మమ్మ వచ్చేసింది. రెండో మ మొదటి మ కిందికి జారి వొత్తుగా మారడం స్క్రీన్ మీద కనపడుతుంది. వొత్తు అంటే ఏంటో ఆదివారం తెలుగు క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కనిది ఆ కదలికలో అర్థమైపోయింది, "ఓ, మధ్యలో ఉన్న అ తీసేస్తే రెండూ అతుక్కుంటాయి" అన్నాడు. నేను ఏ పుస్తకంలోనూ ఇంత తేలిగ్గా చెప్పింది చూడలేదు.

జర్మన్ కీబోర్డుతో చిన్న తిరకాసుంది. ఇందులో వై, జెడ్ స్థానాలు తారుమారు, కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ పటంలో వై అని చూపించే బ మాకు జెడ్ అని రాసిన కీ మీద ఉంటుంది. నెత్తిన రెండు చుక్కలుండే జర్మన్ అక్షరాల కీలు మూడుంటాయి, ఓ చుక్కలది నొక్కితే చ, ఏ చుక్కలది నొక్కితే ట, యు చుక్కలది నొక్కితే డ. పాప పేపర్ టేపు చిన్న చిన్న ముక్కలు చేసి స్కెచ్ పెన్నుతో అక్షరాలు రాసి అన్ని కీల మీదా అంటించింది. ళ రాయడానికి దానికి చాలాసేపు పట్టింది, నాలుక బయటపెట్టి మరీ రాసింది. ఆ టేపులు ఇప్పుడు సగం అరిగిపోయాయి, పెద్దాడికి వాటి అవసరం లేదు కూడా.

ఫాంట్ల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా విడుదల చేసిన తెలుగు ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి, వాటి పేర్లు పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గురజాడ, గిడుగు. వీళ్ళంతా ఎవరు అని అడగకుండా ఏ పిల్లాడూ ఉండలేడు. వాళ్ళ నాన్న కృష్ణదేవరాయల సభ గురించి ఒక సాయంత్రమంతా చెప్పారు, గిడుగు రామమూర్తిగారు మనం మాట్లాడే భాషలోనే రాసుకోవాలని ఎందుకు పోరాడారో నేను చెప్పాను. పాపకి గిడుగు నచ్చింది, రాసేదంతా అందులోనే.

లినక్స్ చేసిన లైనస్ టోర్వాల్డ్స్ గురించి బడిలో ఎవరో చెప్పారట, పెద్దాడు వచ్చి అడిగాడు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్నప్పుడు మొదలుపెట్టాడని అందరికీ తెలుసు. మావాడిని పట్టుకున్న విషయం వేరే. ఆయనది ఫిన్లండ్‌లో స్వీడిష్ మాట్లాడే కుటుంబం, ఆ దేశంలో అలాంటివాళ్ళు నూటికి ఐదుగురే, తర్వాత అమెరికా వెళ్ళి అక్కడే పిల్లల్ని పెంచుకున్నాడు. "అంటే వాళ్ళింట్లో కూడా ఒక భాష, బయట ఇంకో భాషా?" అని రెండుసార్లు అడిగాడు. సూసే అనే లినక్స్ కంపెనీ 1992లో మా పక్కనున్న న్యూరెంబర్గ్ ప్రాంతంలోనే పుట్టిందని తెలిశాక ఇక ఆగలేదు, ఉత్తరాన ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 ఆఫీసు కంప్యూటర్లని లినక్స్‌వైపు మార్చాలని 2024లో నిర్ణయించిందని తనే వెతికి చెప్పాడు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారని నేను చెప్పాను. మన ఊళ్ళో ఎందుకు లేదు అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఉండాలని మాత్రం గట్టిగా అనుకుంటున్నాను.

నడవనివి ఉన్నాయి. వాడు స్నేహితులతో ఆడే ఒక ఆన్‌లైన్ ఆట ఇందులో ఆడనివ్వదు, మోసాన్ని పట్టుకునే దాని ప్రోగ్రాం లినక్స్‌ని ఒప్పుకోదు. దానికి వాడు ఏడ్చాడు, ఆ ఆట ఇప్పుడు స్నేహితుడింట్లో ఆడుకుంటాడు. అక్కడ పట్టుబట్టి ఏదో ఒకటి చేసి ఇంట్లోనే నడిపించాలని మేం అనుకోలేదు. పన్నుల పని బ్రౌజర్‌లోనే అయిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. మా నాన్నగారు పంపే పాత తెలుగు ఫైళ్ళు, డీటీపీ సెంటర్లో యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో అక్షరాలు ఒకేలా కనపడేలా చేసే పద్ధతి) కాని ఫాంట్లతో చేయించినవి, తెరిస్తే అర్థంలేని గుర్తులే కనపడతాయి. అవి విండోస్‌లోనైనా ఆ ఫాంట్ లేకపోతే అంతే.

ఈ మార్పుతో ఇంట్లో ఏమైందో ఒక్క సంగతితో తెలుస్తుంది. బడిలో పశువుల మీద అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. అందరూ ఇక్కడి ఆవుల గురించి తయారుచేసుకుంటుంటే, వాడు ఒంగోలు జాతి తీసుకున్నాడు, మా పుట్టిల్లు ఒంగోలే. తెలుగులో టైపు చేసి తెలుగులోనే వెతికాడు, కూడబలుక్కుంటూ చదివాడు, మూపురం గురించి, బలం గురించి తాతయ్యకి తెలుగులో మెసేజ్ పెట్టాడు, తాతయ్య చిన్నప్పుడు సంక్రాంతికి చూసిన బండలాగుడు పందేల గురించి పెద్ద జవాబు రాశారు. మన నెల్లూరు, ఒంగోలు పశువులే సముద్రం దాటి బ్రెజిల్ వెళ్ళి అక్కడ నెలోర్ అనే పేరుతో ఆ దేశపు ముఖ్యమైన మాంసం జాతి అయ్యాయని చదివి అదంతా జర్మన్‌లో క్లాసులో చెప్పాడు. ఇన్నాళ్ళూ బడిలో నేర్చుకున్నది ఇంట్లో తెలుగులోకి మార్చి చెప్పమని నేను వెంటపడేదాన్ని. ఈసారి తెలుగులో తెలుసుకున్నది బడికి వెళ్ళింది. టీచర్ దాన్ని ఎక్కడ చదివావంటే, తెలుగులో అన్నాడట.

వేసవికి ఒంగోలు వెళ్తున్నాం. నాన్నగారి డెస్క్‌టాప్ కూడా విండోస్ 10దే, అదీ మార్చేద్దాం తాతయ్యా అని పెద్దాడు ఇప్పటికే ఫోన్లో ఒప్పించాడు. ఆయన పెట్టిన షరతులు మూడు, బ్యాంకు సైటు తెరుచుకోవాలి, పాత ప్రింటర్ పనిచేయాలి, అక్షరాలు పెద్దగా కనపడాలి. బ్యాంకు బ్రౌజర్‌లోనే, అక్షరాలు సెట్టింగుల్లోనే పెరుగుతాయి, ప్రింటర్ సంగతి మాత్రం వెళ్ళాక పెన్‌డ్రైవ్‌తో నడిపి చూసి, అది కదిలితేనే ముందుకెళ్తాం. డీటీపీ ఫైళ్ళు కూడా యూనికోడ్‌లోకి మార్చే పని పెట్టుకున్నారు ఇద్దరూ. మార్చాక మిగిలే తప్పులు మనవడు చదువుతుంటే తాతయ్య దిద్దుతారట.