ఎడమ చక్రం కింద మళ్ళీ మరక

పదకొండు దాటింది. ఈ మరక సంగతి రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

పొద్దున జీపు బయటికి తీసేసరికి షెడ్డులో ఎడమ ముందు చక్రం నిలిచిన చోట అరచేయంత నల్లటి తడి. ఆ పక్క ఫెల్టు సీలు (గ్రీజు బయటికి రాకుండా ఆపే ఉన్ని పట్టీ) వేయించి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. సంక్రాంతికి ముందు ఒకటి, శివరాత్రికి ఒకటి, ఇది మూడోది. అత్తయ్య రంపపు పొట్టు తెచ్చి చల్లుతూ "పాత పటాలం బండి కదరా, కారకుండా ఉంటుందా" అంది. ఆ మాట ఎవరన్నా నాకు గుచ్చుకుంటుంది. పాతదైనంత మాత్రాన కారి తీరాలని ఎక్కడా లేదు.

ముందు సీలునే తిట్టుకున్నాను. బజార్లో దొరికే ఫెల్టు ఈ మధ్య మరీ దూదిలా ఉంటోంది. తర్వాత ఆ తడిని వేళ్ళ మధ్య రాసి వాసన చూశాను. గ్రీజులా సాగలేదు, గంధకం కంపు కొట్టింది. అంటే చక్రం దగ్గర వంగుతూ తిరిగే జాయింటులో ఉండాల్సిన గ్రీజు కాదు, డిఫరెన్షియల్లోని (రెండు ముందు చక్రాల మధ్య ఉండే గేర్ల గూడు) 90 నంబరు గేరాయిలు. తప్పు బయటి సీలుది కాదన్నమాట.

యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ జీపుకైనా, ఆ తర్వాత వచ్చిన మా సీజే-3బీ జీపుకైనా ముందు యాక్సిల్ (ఇరుసు) నమూనా ఒకటే. గొట్టం చివర ఇనుప గుండు, దానిమీద టోపీలా, చక్రంతోపాటు అటూ ఇటూ తిరిగే నకిల్, లోపల షాఫ్టును చక్రానికి కలిపే జాయింటు. గుండు లోపల, గొట్టం మూతి దగ్గర చిన్న ఆయిల్ సీలు ఉంటుంది. గేరాయిలును దాని హద్దులో ఉంచేది అదే. అది పోయిందంటే మలుపు తిరిగినప్పుడల్లా, బండి ఒరిగినప్పుడల్లా ఆయిలు గుండులోకి చేరి గ్రీజును జావ చేస్తుంది. ఫెల్టు గ్రీజును ఆపుతుంది, దుమ్మును ఆపుతుంది. పల్చటి ఆయిలును ఆపడం దానివల్ల కాదు. పైగా ఫ్రీవీల్ హబ్బులు (ముందు చక్రాలను షాఫ్టుల నుంచి విడదీసేవి) లేని బండిలో టూవీల్‌లో (వెనక చక్రాలకే శక్తి ఇచ్చి) నడిపినా ముందు షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి. ఆ సీలుకి విశ్రాంతి లేదు.

అనుమానం తీరాలని ముందు డిఫరెన్షియల్ ఆయిలు దింపించాను. ఇంచుమించు 1.2 లీటర్లు ఉండాలి. సీసాలో కొలిస్తే 700 మిల్లీలీటర్లు.

ఇక్కడే ఒళ్ళు మండింది. మూడుసార్లు ఫెల్టు మార్చిన ఆ వర్క్‌షాపులో ఒక్కసారైనా ఆయిలు మట్టం చూడలేదు, షాఫ్టు లాగలేదు. ఫెల్టు రెండు సగాలుగా వస్తుంది కాబట్టి చక్రం విప్పకుండానే వెనక రేకు బోల్టులు తీసి మార్చేయొచ్చు. అరగంట పని, అందుకే అందరికీ అదంటేనే మోజు. దాన్నీ సరిగ్గా చేయలేదు. ఫెల్టును ఆయిల్లో నానబెట్టకుండా పొడిగా బిగించారు. గుండు మీద తుప్పు గుంటలు సన్నటి ఎమ్రీ పేపరుతో తీయకుండా వదిలేశారు. అవి ఆకురాయిలా ఫెల్టును తినేస్తాయి. అన్నిటికీ మించి, గ్రీజు గన్ను పెట్టి గట్టి ఛాసిస్ గ్రీజు గుండునిండా కుక్కారు. గట్టి గ్రీజులో జాయింటు తిరిగి తిరిగి తనచుట్టూ గుహ చేసుకుంటుంది, పక్కకి పోయిన గ్రీజు మళ్ళీ దాని దగ్గరికి రాదు. అక్కడ వేయాల్సింది 00 గ్రేడు జారుడు గ్రీజు, అదీ నింపే రంధ్రం మట్టం దాకానే.

ఆ గ్రీజు కుక్కడం చూసినప్పుడే తిరుమలగిరి వైపు షెడ్డు పెట్టుకున్న ఫిట్టరు తాత గుర్తొచ్చాడు. ఈఎంఈలో (సైన్యంలో బండ్లు బాగుచేసే విభాగం) పనిచేసి వచ్చినాయన. గోనెపట్టా పరిచి బెండిక్స్ జాయింటు (గుండులో ఉండే, బంతులతో తిరిగే రకం) విప్పేవాడు. అందులో తిప్పే బంతులు నాలుగు, నడిమి బంతి ఒకటి. నడిమి బంతికి ఒక పక్క గాడి, మధ్యలో పిన్ను రంధ్రం ఉంటాయి. ముందు చిన్న లాకు పిన్ను కొట్టి తీసి, షాఫ్టును చెక్క దిమ్మె మీద పొడిచేవాడు. నడిమి పిన్ను కిందికి జారేది. జాయింటును మడిచి, నడిమి బంతిని తిప్పి గాడి బయటికి వచ్చేలా పెడితేనే మొదటి బంతి ఊడుతుంది. సుత్తితో బంతి ఊడదు. ఏ బంతి ఏ దారిలోదో అట్టమీద సుద్దతో రాసి అక్కడే పెట్టించేవాడు, కలిపేస్తే ఊరుకునేవాడు కాదు. షాఫ్టు తిరిగి ఎక్కించేటప్పుడు స్ప్లైన్ల (షాఫ్టు చివరి పళ్ళ) మీద టేపు చుట్టి, గ్రీజు రాసి, కింద ఒక చెయ్యి ఆనించి లోపలికి పంపేవాడు. షాఫ్టు బరువు సీలు పెదవి మీద పడితే కొత్త సీలు ఎక్కించిన నిమిషంలోనే తెగుతుంది. సీలు స్ప్రింగు వైపు ఆయిలు వైపుకే ఉండాలి. ఆయన దగ్గర టీ చల్లారిపోయేది గానీ పని మధ్యలో ఆగేది కాదు.

ఇంతదాకా రాశాక ఇంకో ఆలోచన. యాక్సిల్ బ్రీదరు (లోపలి గాలి పోయే రంధ్రం) మట్టితో పూడితే? లోపల వేడికి ఒత్తిడి పెరిగి మంచి సీలు దాటుకుని కూడా ఆయిలు వస్తుంది. కానీ అదే అయితే పినియను సీలు (డిఫరెన్షియల్లోకి షాఫ్టు వచ్చే చోటిది) కూడా చెమర్చాలి, కుడి గుండూ తడవాలి. రెండూ పొడిగా ఉన్నాయి. బ్రీదరు కడుగుతాను, అసలు కారణం మాత్రం అది కాదు. సీలు కోసుకుపోయిందో, షాఫ్టుకే గాడి పడిందో తేలాలి. గాడి పడి ఉంటే ఆ వర్క్‌షాపు కుర్రాడు కొత్త సీలు వేసినా కారేదే. పొద్దున ఫోనులో అతన్ని అన్న మాటల్లో సగం ఎక్కువేనేమో. షాఫ్టు లాగి చూడకపోవడం మాత్రం తప్పే.

రేపు చిన్నోడు బడికెళ్ళాక మొదలు. వెనక చక్రాలకి రాళ్ళు, ముందు జాకీ, స్టాండ్లు. డ్రైవ్ ఫ్లాంజి 6 బోల్టులు, బేరింగు నట్లు, డ్రమ్ము. బ్రేకు ప్లేటును తీగతో వేలాడదీయాలి, దాని బరువు హోసు మీద పడకూడదు. షాఫ్టు తుడిచి, సీలు ఆనే చోట గోరు అడ్డంగా లాగి చూడాలి. గోరు తగులుకుంటే సన్నటి స్టీలు స్లీవు ఎక్కించాలి, లేకపోతే సీలు ఒక్కటి చాలు. కింగ్‌పిన్ (నకిల్ తిరిగే పిన్ను) కప్పు తీయాల్సి వస్తే పైన ఎన్ని షిమ్ములు (సర్దుబాటు కోసం పెట్టే పల్చటి రేకులు), కింద ఎన్ని అని దారం కట్టి విడివిడిగా ఉంచాలి. అటువి ఇటైతే జాయింటు మధ్యలో కూర్చోదు. తిరిగి బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బేరింగు నట్టు పట్టేదాకా తిప్పి, ఆరో వంతు వెనక్కి.

సాయంత్రం బ్రేకు తొక్కితే బండి కొద్దిగా కుడికి లాగింది. ఆయిలు హబ్బు దాటి ఎడమ లైనింగుకి చేరినట్టుంది. నానిన లైనింగు పెట్రోలుతో కడిగినా పనికి రాదు. రెండు పక్కలకీ కొత్త లైనింగులు కొట్టించాలి.