మూడేళ్ల టోకెన్, ఎనిమిదేళ్ల ఫైలు

గుంటూరులో మా ఆఫీసుకి వచ్చే కంపెనీల్లో సగం మిర్చి వ్యాపారానివే. డైరెక్టర్లందరికీ డీఎస్సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) ఉన్న యూఎస్‌బీ టోకెన్లు ఉంటాయి. ఎవరిది వాళ్ల దగ్గరే ఉంచుకోండని ఎంత మొత్తుకున్నా, పిన్ నంబరు రాసిన చీటీతో సహా కవర్లో పెట్టి మాకే ఇచ్చిపోతారు. అది వేరే కథ.

నా గొడవ గడువు గురించి. డీఎస్సీకి గడువు మహా అయితే మూడేళ్లు. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిదేళ్లు దాచాలి, బోర్డు మీటింగు మినిట్స్ అయితే ఎప్పటికీ ఉండాల్సిందే. 2020లో పెట్టిన సంతకాన్ని 2027లో ఎవరైనా తెరిచి అడిగితే ఏం చూపిస్తాం? టైమ్‌స్టాంప్, అంటే బయటి నమ్మకమైన సర్వర్ వేసే సమయ ముద్ర, లేకపోతే, ఆ సంతకం ఎప్పుడు పెట్టారో చెప్పేది మన కంప్యూటర్ గడియారం ఒక్కటే. దాన్ని ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు. అందుకే టైమ్‌స్టాంపునీ, అప్పటికి సర్టిఫికెట్ రద్దు కాలేదనే రుజువునీ ఫైల్లోనే కలిపేయాలి. ఆ రద్దు కాలేదనే రుజువు ఫైల్లో ఉంటేనే అక్రోబాట్‌లో సంతకాల ప్యానెల్ తెరిచినప్పుడు ‘ఎల్‌టీవీ ఎనేబుల్డ్’ (చాలా ఏళ్ల తర్వాతా సంతకాన్ని సరిచూడొచ్చు) అని కనిపిస్తుంది. నేను పచ్చ టిక్కు కంటే ముందు ఆ వరుసే చూస్తాను. ఈ-ఆధార్ మీద పసుపు ప్రశ్నార్థకం చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. చాలాసార్లు అక్కడ సంతకానికి వచ్చిన లోటేమీ ఉండదు, మన పీడీఎఫ్ రీడరుకి సీసీఏ (సర్టిఫికెట్లిచ్చే సంస్థల మీద ప్రభుత్వ నియంత్రణాధికారి) రూట్ సర్టిఫికెట్‌ని, అంటే మిగతావాటికి మూలమైనదాన్ని, నమ్మమని ఇంకా చెప్పలేదంతే.

ఇక ఫైలు. దాచాల్సిన పత్రాన్ని సంతకానికి ముందే పీడీఎఫ్/ఏ చేసుకోవాలి. ఏళ్ల తరబడి దాచే పీడీఎఫ్‌ల కోసం 2005లో ఐఎస్ఓ 19005 పేరుతో వచ్చిన ప్రమాణం ఇది. ఫాంట్లన్నీ ఫైల్లోనే ఉండాలి, పాస్‌వర్డ్ పెట్టకూడదు. వర్డ్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ పీడీఎఫ్ ఆప్షన్లలో దానికో టిక్కు ఉంది. సంతకం అయ్యాక మాత్రం ఫైలు జోలికి పోకూడదు. “సైజు ఎక్కువైందని కంప్రెస్ చేసి పంపా మేడమ్” అని ఫోనొచ్చిందంటే ఆ సంతకానికి నీళ్లొదులుకోవడమే. ప్రింట్ తీసి స్కాన్ చేసినదాంట్లో మిగిలేది సంతకం బొమ్మే.

తెలుగు పత్రాలకి ఇంకో చిక్కుంది. ఇంగ్లిషు అక్షరాల కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పాత అను ఫాంట్లలో టైపు చేసిన తీర్మానాన్ని పీడీఎఫ్/ఏ చేస్తే కంటికి చక్కగానే ఉంటుంది. ‘తీర్మానం’ అని వెతకండి, దొరకదు. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడతాయి. పదేళ్ల తర్వాత వందల ఫైళ్లలో ఆ ఒక్క తీర్మానం కావాలంటే ఒక్కొక్కటీ తెరిచి చదువుకోవాలి. పీడీఎఫ్/ఏ-2లో ‘యు’ అనే స్థాయి ఉంది, అందులో ప్రతి అక్షరానికీ యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టే అక్షర సంఖ్య) తప్పనిసరి. డీటీపీ అబ్బాయి ఎంత గొణిగినా మా మినిట్స్ యూనికోడ్‌లోనే టైపు చేయిస్తున్నాను. అయినా ఒత్తుల దగ్గర కొన్ని సాఫ్ట్‌వేర్లు తడబడతాయి. అందుకని ఒక పేజీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో చదువుకుని, అది సరిగ్గా వచ్చాకే టోకెన్ పెట్టమంటాను.