గ్లాసులో నీళ్ళెంత?

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. పుట్టి పెరుగుతున్నది ఇంగ్లండులో, లీడ్స్‌లో. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఇది కొత్త సంగతేమీ కాదు. నేను చేయని ప్రయత్నం లేదు. శనివారం తరగతికి పంపాను, అక్షరాల పటం గోడకి అంటించాను, ఇంట్లో తెలుగే మాట్లాడాలని కొన్నాళ్ళు పట్టుబట్టాను. అలా పట్టుబట్టిన రోజుల్లో తను అసలు నోరు విప్పడమే తగ్గించింది. నాకు భయమేసి మానుకున్నాను. తాతతో వీడియో కాల్ అంటే "బాగున్నావా", "బాగున్నా", "బడికి పోయినావా", "పోయినా". అంతే. ఫోను నా చేతిలో పెట్టి వెళ్ళిపోయేది. అవతల మా నాయన మొహం కాసేపు తెరలో అలాగే ఉండిపోయేది.

ఆ నాలుగు మాటలు ఇప్పుడు నలభై నిమిషాలు అయ్యాయి. దానికి కారణం పొగబండి.

మాకు దగ్గర్లో మిడిల్టన్ రైల్వే అని చిన్న లైను ఉంది. చిన్నదే కానీ చరిత్ర పెద్దది. బొగ్గు గనుల కోసం 1758లో ఇక్కడి పార్లమెంటు చేసిన చట్టంతో మొదలైంది. అప్పట్లో గుర్రాలు లాగేవి. 1812లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. స్టీఫెన్‌సన్ చేసిన పేరున్న ఆవిరి ఇంజను 'రాకెట్' రెయిన్‌హిల్‌లో జరిగిన ఇంజన్ల పోటీలో గెలిచింది 1829లో కదా, దానికి 17 ఏళ్ళ ముందే ఇక్కడ పళ్ళచక్రం ఇంజన్లు బొగ్గు లాగాయన్నమాట. 1960 నుంచి ఈ లైనుని వలంటీర్లు నడుపుతున్నారు. బడి సెలవుల్లో ఒకసారి ఊరికే తీసుకెళ్ళాను. అంతే, అప్పటినుంచి మా అమ్మాయికి వేరే లోకం లేదు.

ఈ దేశంలో రైలు అభిమానుల ప్రేమ చూస్తే ఆశ్చర్యమేస్తుంది. బ్రిటిష్ రైల్వే మెయిన్‌లైన్ మీద మామూలు ఆవిరి బండ్ల కాలం 1968 ఆగస్టు 11తో ముగిసింది. ఇంజన్లు తుక్కుకి పోయాయి. వేల్స్‌లోని బారీ అనే ఊళ్ళో ఒక తుక్కు యార్డుకి వందల ఇంజన్లు చేరాయి. దాని యజమాని వాటిని వెంటనే కోసేయకుండా పాత వ్యాగన్లని కోసే పని ముందు చూసుకున్నాడు. ఆ వ్యవధిలో అభిమానులు చందాలు పోగేసి, ఒక్కొక్కటీ కొని, 213 ఇంజన్లని బతికించుకున్నారు. తుప్పు పట్టిన డొక్కుని కొని పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు శనాదివారాలు పని చేసి మళ్ళీ ఆవిరి ఎక్కించిన వాళ్ళున్నారు. ఒక్కటీ మిగలకుండా పోయిన ఒక రకం ఇంజనునైతే పాత డ్రాయింగులు పట్టుకుని మొదటినుంచీ కొత్తగా తయారుచేశారు. 'టోర్నడో' అని, 2008లో పట్టాలెక్కింది. పని మొదలుపెట్టింది 1990లో.

ఇదంతా మొదట్లో నాకు మింగుడుపడలేదు. కారణం మా నాయన.

ఆయన గుంతకల్లు రైలింజన్ల షెడ్డులో ఫైర్‌మన్, అంటే ఇంజనులో బొగ్గు వేసి నిప్పూ ఆవిరీ చూసుకునేవాడు. మీటరుగేజి లైను, వైజీ అనే రకం గూడ్సు ఇంజన్లు. నా చిన్నప్పుడు అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. నాయన లేచి డబ్బా, టార్చి, తువ్వాలు తీసుకుని చీకట్లోకి వెళ్ళేవాడు. తిరిగొచ్చేసరికి కళ్ళూ పళ్ళూ తప్ప అంతా మసి. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడిన చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఎండాకాలంలో రాయలసీమలో ఫైర్‌బాక్స్ ముందు, అంటే ఇంజను పొయ్యి ముందు, నిలబడి పారతో టన్నుల కొద్దీ బొగ్గు వేయడం ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పిల్లలు చదువుకుని ఆ మసి అంటకుండా బయటపడాలన్నదే ఆయన ధ్యాస. డీజిల్ వచ్చి ఆయన్ని అటు మార్చిన రోజు మా ఇంట్లో పండగే.

అలాంటి పనిని ఇక్కడ రిటైరైన టీచర్లు, ఇంజనీర్లు, కాలేజీ పిల్లలు సెలవు రోజున తెల్లవారుజామునే వచ్చి ఇష్టంగా చేస్తుంటే, చూస్తూ నిలబడటం కష్టంగా ఉండేది. ప్లాట్‌ఫారం చివర నిలబడి పొగని ఫొటో తీసేవాళ్ళ మధ్య, ఆ పొగ పీల్చినవాడి కూతురిని నేనొక్కదాన్నే అనిపించేది. మా అమ్మాయికి తాత ఏం పని చేసేవాడో కూడా అప్పటిదాకా చెప్పలేదు. 'రైల్వేలో ఉద్యోగం' అన్నానంతే. అది నా తప్పు.

ఒక ఆదివారం ఇంజను ప్లాట్‌ఫారం దగ్గర ఆగి ఉండగా నాయన ఫోను వచ్చింది. అక్కడున్న పెద్దాయన, ఆ రోజు ఫైర్‌మన్, పిల్లని ఇంజను క్యాబులోకి, అంటే డ్రైవరూ ఫైర్‌మనూ నిలబడే చోటికి, ఎక్కించుకున్నాడు. తను ఫోను పట్టుకుని లోపలంతా చూపించడం మొదలుపెట్టింది. మెరిసే ఇత్తడి, ఎర్రటి పిడులు, గేజీలు. నాయన ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి ఒకే మాట అడిగాడు.

"గ్లాసులో నీళ్ళు ఎంత ఉండాయో చూడు తల్లీ."

తనకి అర్థం కాలేదు. ఏ గ్లాసు? నాయన ఓపిగ్గా చెప్పాడు: నిలువుగా గాజు గొట్టం ఉంటుంది, దాంట్లో నీళ్ళు కనపడతాయి, ఎంతవరకూ ఉన్నాయో చెప్పు. తను వెతికి, ముక్కు ఆనించినంత దగ్గరికి పోయి చూసి, "సగం... సగం కంటే కొంచెం పైన" అంది. తెలుగులో. నేను అడగకుండా, ఎవరూ పట్టుబట్టకుండా. పక్కనున్న పెద్దాయన, తాత ఏమన్నాడని అడిగాడు. తను ఇంగ్లీషులో చెప్పింది. ఆయన ఒక్కసారి నిటారుగా నిలబడి, ఫోను వైపు చూసి, తలమీది టోపీ తీశాడు. ఆ ప్రశ్న అడిగేవాడు ఎవరో ఆయనకి తెలిసిపోయింది.

ఆ తర్వాత ఒక పావుగంట ఇద్దరు ఫైర్‌మన్ల మధ్య తొమ్మిదేళ్ళ పిల్ల దుబాసీగా నిలబడింది. మాట దొరకనప్పుడు చేతులతో చూపించింది, నన్ను అడిగింది. ఇంగ్లీషులోకి జారిపోలేదు, ఎందుకంటే జారితే అవతల తాతకి అర్థం కాదు. ఇన్నేళ్ళూ నేను తెలుగుని తన ముందు ఒక బాధ్యతలా పెట్టాను. ఆ రోజు దానికి ఒక పని దొరికింది.

నీళ్ళ సంగతి ఎందుకంత ముఖ్యమో నాయన ఆ రాత్రే చెప్పాడు. బాయిలర్లో నీళ్ళు ఫైర్‌బాక్స్ పైకప్పుని ఎప్పుడూ ముంచే ఉండాలి. అంతకంటే దిగితే ఆ రేకు ఎర్రగా కాలి మెత్తబడుతుంది, బాయిలర్ పేలే ప్రమాదం. అందుకే ఆ కప్పులో సీసంతో చేసిన లెడ్ ప్లగ్ పెడతారు. నీళ్ళు తగ్గితే అది ముందు కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకి హెచ్చరిస్తుంది. "ప్లగ్గు కరిగిందంటే ఉద్యోగానికే ఎసరు" అన్నాడు. ఇంట్లో ఏ పని చేస్తున్నా "నీళ్ళు చూసుకో" అనడం ఆయనకి అలవాటు. జాగ్రత్త అనే అర్థంలో. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు నలభై రెండేళ్ళకి తెలిసింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం పాఠమే. ఆవిరి పీడనం ఉన్న బాయిలర్లోకి అదే బాయిలరు ఆవిరితో నీళ్ళు ఎలా తోస్తారో, అంటే ఇంజెక్టర్ ఎలా పనిచేస్తుందో, తాతా మనవరాలూ మూడు వారాలు మాట్లాడుకున్నారు. సన్నటి కొళాయిలోంచి ఆవిరి వేగంగా దూసుకొచ్చి చన్నీళ్ళని లాక్కుంటుంది, వాటిలో కలిసి తనూ నీరైపోతుంది, ఆ ఊపు బాయిలరు తలుపుని తోసుకుని లోపలికి పోతుంది. సిలిండర్లో పనైపోయిన ఆవిరిని పొగగొట్టంలోంచి వదలడం కూడా అలాంటిదే. పోతూ పోతూ అది ఫైర్‌బాక్స్‌లోకి గాలిని లాగుతుంది. బండి ఎంత బరువు లాగితే నిప్పు అంత రాజుకుంటుంది. బొగ్గు గురించి నాయన మాట: "ఊరికే ఎత్తి పోస్తే మండదు తల్లీ. పల్చగా చల్లాల. మూలలు ముందు నింపాల. నల్లపొగ పోతా ఉందంటే ఆ ఫైర్‌మన్‌కి పని రానట్టు." ఇక అప్పటినుంచి ఏ ఇంజను కనిపించినా మా అమ్మాయి ముందు పొగ రంగు చూస్తుంది.

ఇంకో సంగతి. ఇక్కడి అభిమానులు ఇంజనుని ఆడమనిషిలా 'షీ' అంటారు. తను తాతని అడిగింది, తెలుగులో ఇంజను 'ఆమె'నా, 'అది'నా అని. నాయన ఆలోచించి, "ఆమె వచ్చింది, బండి వచ్చింది. వచ్చింది అంటే చాలు కదా" అన్నాడు. నిజమే, మన క్రియకి ఆ తేడా లేదు. శనివారం తరగతిలో ఎన్నాళ్ళు కూర్చున్నా తలకెక్కని వ్యాకరణం అలా ఎక్కింది.

అన్నీ తీపి కబుర్లే కాదు, చెప్పాల్సినవీ చెప్తున్నాను. మన దేశంలో రైళ్ళు మన కోసం వేసినవి కావు. పత్తి రేవులకి చేరడానికి, సైన్యం కదలడానికి వేశారు. పెట్టుబడి పెట్టిన లండన్ వాటాదార్లకి 5 శాతం రాబడి హామీ ఇచ్చి, ఆ డబ్బు మన దేశపు ఆదాయంలోంచి కట్టారు. తను విని, ఆ ఇంజన్లని ప్రేమించడం తప్పా అని అడిగింది. తప్పు కాదన్నాను. తాత వాటిమీద పనిచేశాడు, బెంగాల్లోని చిత్తరంజన్ కర్మాగారంలో మనవాళ్ళే వేలల్లో తయారుచేశారు. 1950లో అక్కడినుంచి వచ్చిన మొదటి ఇంజను పేరు 'దేశబంధు'. ఆ పేరు తనకి బాగా నచ్చింది.

కానీ అన్నిటికంటే నచ్చింది 'ఫెయిరీ క్వీన్' అనే ఇంజను. 1855లో తయారై కలకత్తా చేరింది, హౌరా నుంచి బండ్లు లాగింది. ఎన్నో దశాబ్దాలు కదలకుండా ఉండి 1997లో మళ్ళీ ఆవిరితో నడిచింది. ఎక్కడ తయారైందో చదివి తను అరిచినంత పని చేసింది. లీడ్స్‌లో, మాకు తెలిసిన హన్‌స్లెట్ అనే పేటలోనే.

"తాతా, ఫెయిరీ క్వీన్ మనదే తెలుసా!" అంది ఆ ఆదివారం.

"మనది కాక ఇంకెవరిది?" అన్నాడు నాయన.

ఒకరు లీడ్స్ అనుకుంటున్నారు, ఒకరు ఇండియా అనుకుంటున్నారు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను, సరిచేయలేదు. తను నోటుపుస్తకం తెరిచింది. అందులో వంకర అక్షరాలతో తెలుగులో ఒక జాబితా ఉంటుంది: బొగ్గు, పార, నిప్పు, ఆవిరి, కూత. కూత దగ్గర వేలు పెట్టి, దాని కూత ఎలా ఉంటుంది తాతా అని అడిగింది.

"నేనూ వినలేదు తల్లీ" అన్నాడు.

తను ఆ మాట పక్కన కొంచెం జాగా వదిలి, పుస్తకం మూసింది.