సోల్డరింగ్ ముందా, స్క్రూ ముందా?

మా తాతగారి పాత ట్రాన్సిస్టర్ రేడియోకి 9 వోల్టులు కావాలి. నేను ఆడుకునే చిన్న బోర్డులకి 5 కావాలి. రెండూ ఒకే సప్లైలోంచి లాగుదామని రోహిణి కార్తెలో పని మొదలెట్టాను. మాది సఖినేటిపల్లి పక్కన పల్లెటూరు. స్క్రూ ఒకటి తక్కువైనా పంటు పడవెక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్లి తెచ్చుకోవాల్సిందే.

సర్క్యూట్‌లో పెద్ద గొప్పేం లేదు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, లావుపాటి కెపాసిటర్, వోల్టేజీని ఒక లెక్కన నిలబెట్టే రెగ్యులేటర్ ముక్కలు రెండు: ఎల్ఎం317 ఒకటి, 7805 ఒకటి. 317కి 240 ఓంలు, 1.5 కిలో ఓంల రెసిస్టర్లు తగిలిస్తే సుమారు 9 వస్తుంది. చిక్కంతా వేడితోనే. 12 వోల్టుల ఏసీని డీసీ చేస్తే 15కి పైగా తేలుతుంది. 7805 అందులో 5 ఇచ్చి, మిగిలిన 10నీ వేడి కింద వదిలించుకోవాలి. అర ఆంపియర్ లాగితే 5 వాట్లు. గోరంత ముక్క 5 వాట్లకి తట్టుకోలేదు. లోపల రక్షణ ఉంది కాబట్టి కాలిపోదుగానీ, అలిగినట్టు ఆగిపోతుంది. అందుకని పాత సామాన్ల కొట్లో వేడిని లాగి గాలిలోకి వదిలే అరచేయంత అల్యూమినియం హీట్‌సింక్ ఒకటి ఏరుకొచ్చాను. రెండు ముక్కలూ దానిమీదే బిగిద్దామని నా లెక్క.

మొదటి తప్పు అక్కడే చేశాను. రెండింటినీ బోర్డు మీద నిటారుగా నిలబెట్టి, కాళ్లు శుభ్రంగా సోల్డర్ చేసేశాను. మెరుస్తున్న అతుకులు చూసి మురిసిపోయాను కూడా. ఆ తర్వాత హీట్‌సింక్ తెచ్చి వెనకాల ఆనిస్తే, ఒకటి ఆనింది, రెండోదానికి బియ్యపు గింజ పట్టేంత సందు. స్క్రూ తిప్పితే అదే దగ్గరకొస్తుందిలే అనుకుని తిప్పాను. వచ్చింది. దాంతోపాటు బోర్డు కింద రాగి పొర కూడా ఉల్లిపొరలా లేచొచ్చింది.

మా వీధి చివర రేడియోలు బాగుచేసే బాబాయ్ ఉన్నారు. బోర్డు తిరగేసి చూసి నవ్వారు.

"కాళ్లు భూమిలో పాతేసి నడుం వంచితే ఏమవుద్దిరా అబ్బాయ్? కాళ్లే ఊడతాయ్. ముందు హీట్‌సింక్‌కి బిగించు, ఆ జతని బోర్డులో దింపు, కింద సోల్డర్ ఆఖర్న."

"ఆయ్, అలాగే బాబాయ్," అని తలూపి వచ్చేశాను.

కొత్త బోర్డు మీద ఆయన చెప్పినట్టే చేశాను. అయినా కరెంటు పెట్టగానే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది. 9 రావాల్సినచోట మీటరు సున్నా చూపించింది. హీట్‌సింక్ నిమిషంలో అట్ల పెనమైంది. ప్లగ్గు పీకి ఆలోచిస్తే అప్పుడు వెలిగింది. 7805 వెనకున్న లోహపు రేకు గ్రౌండుకి, అంటే సర్క్యూట్‌లో సున్నా వోల్టుల తీగకి, కలిసి ఉంటుంది. 317 రేకు మాత్రం దాని అవుట్‌పుట్టే. రెండింటినీ ఒకే అల్యూమినియానికి బిగించి, అవుట్‌పుట్‌ని నేనే గ్రౌండుకి కట్టేశానన్నమాట!

దీనికి మందు అభ్రకం రేకు, ప్లాస్టిక్ బుష్. గూడూరు గనుల్లో తవ్వే అభ్రకమే. వేడిని దాటనిస్తుంది, కరెంటుని దాటనివ్వదు. అభ్రకం రేకుకి రెండువైపులా వేడిని దాటించే తెల్ల పేస్టు పూయాలి. దోశకి నూనె రాసినంత పల్చగా చాలు, మందంగా పూస్తే వేడికి అదే అడ్డం. స్క్రూ కూడా లోహమే కదా, అది 317 వెనకున్న లోహపు రేకుని తాకకుండా చూసేది బుష్. 7805కి ఇవేవీ అక్కర్లేదు, పేస్టు చాలు. హీట్‌సింక్ ఎలాగూ గ్రౌండులో ఉంటుంది, చెయ్యి తగిలినా భయం లేదు.

అన్నీ పెట్టి, 317 రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య మీటరుతో చూస్తే, బీప్! రెండూ ఇంకా కలిసే ఉన్నాయన్నమాట. ఈసారి అరగంట పట్టింది దొంగని పట్టుకోడానికి. హీట్‌సింక్‌కి నేను వేసిన కన్నం అంచున సన్నటి అల్యూమినియం ముల్లు ఒకటి మిగిలి, అభ్రకంలోంచి దూసుకెళ్లింది. కంటికి ఆనలేదు, బొటనవేలితో తడిమితే గీరుకుంది. పెద్ద డ్రిల్ బిట్టుని చేత్తోనే రెండుసార్లు తిప్పి అంచు నున్నగా చేసి, కొత్త రేకు వేశాను. బీప్ పోయింది. ఈ పరీక్ష కాళ్లు సోల్డర్ చెయ్యకముందే చెయ్యాలని వేరే చెప్పాలా?

ఇక సోల్డరింగ్. సముద్రం దగ్గర కదా, మా ఇంట్లో ఏడాదిపాటు పడున్న ముక్కల కాళ్లు నల్లబడిపోయి సోల్డర్‌ని పట్టుకోవు. బ్లేడుతో గీకి, సోల్డర్ పట్టడానికి ఫ్లక్సు రాసి, అప్పుడు పెట్టాను. ముక్కల కాళ్లకి నా 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సరిపోయింది. కానీ హీట్‌సింక్‌కి తనకే రెండు లావుపాటి కాళ్లున్నాయి, బోర్డులో అతకడానికి. వాటి దగ్గర ఐరన్ చేతులెత్తేసింది. తగరం, సీసం కలిసిన 60/40 సోల్డర్ 190 డిగ్రీల లోపే కరిగిపోవాలి నిజానికి. ఇచ్చిన వేడినంతా ఆ అల్యూమినియం దిమ్మ పీల్చేస్తుంటే ఇంకెక్కడ కరుగుతుంది? గడ్డకట్టిన నెయ్యిలా పైనే ఉండలు కట్టింది. బాబాయ్ దగ్గర 60 వాట్లది అరువు తెచ్చి, అదీ ఫ్యాను ఆపేసి పెడితే, అయిదారు సెకన్లలో సోల్డర్ కాలి చుట్టూ జారి కూర్చుంది.

5 వోల్టులకి 10 ఓంల సిమెంటు రెసిస్టర్ తగిలించి గంటసేపు వదిలాను. అర ఆంపియర్ నిలకడగా ఇచ్చింది. హీట్‌సింక్ మీద వేలు పెట్టి పది లెక్కపెట్టగలిగాను. ఇలా వేలు పెట్టి చూసుకోవడం తక్కువ వోల్టుల వైపే, 230 ఉన్న వైపు చెయ్యి పెట్టేది లేదు.

బిస్కెట్ల డబ్బాలో బిగిస్తే మాత్రం వేలు మూడు అంకెలు కూడా ఆగలేదు. రేకలు నిలువుగా ఉండేలా తిప్పి, డబ్బాకి కిందా పైనా కన్నాలేశాను, వేడి గాలి పైకిపోవాలిగా. వారానికల్లా ఆ కన్నాల్లోంచి చీమలు దూరి కాపురం పెట్టాయి. ఇప్పుడు లోపలివైపు దోమతెర ముక్క అంటించి ఉంది. తాతగారు సాయంత్రం వార్తలు వింటూ, ఆ డబ్బా మీదే కళ్లజోడు పెడుతున్నారు. కన్నాలు మూసుకుపోతాయని రోజూ తీసి పక్కన పెడుతున్నాను.