టోడ్ మారడు, ఫ్రాగ్ మార్చడు

బొమ్మల పుస్తకం మరీ చిన్నపిల్లలదిలా అనిపించి, పెద్ద కథల పుస్తకం చూస్తే భయం వేసే వయసు ఒకటుంటుంది, ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య. వాళ్ల కోసం ఇంగ్లీషులో చాప్టర్ బుక్స్ అని పెద్ద అక్షరాలతో, చిన్న చిన్న అధ్యాయాలతో పుస్తకాలు వేస్తారు. మా అక్క కూతురి చేత చదివిస్తూ ఈ మధ్య అవి చాలానే చదివాను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఆ పుస్తకాల్లో చాలావాటికి చెప్పుకోవడానికి కథే ఉండదు. ఒకరంటే ఒకరికి పొంతన లేని ఇద్దరు స్నేహితులుంటారు, అంతే. అయినా పిల్లలు వదలరు.

ఆర్నాల్డ్ లోబెల్ రాసిన ఫ్రాగ్ అండ్ టోడ్ పుస్తకాలే చూడండి. 1970 నుంచి 1979 దాకా నాలుగు వచ్చాయి, ఒక్కోదాంట్లో ఐదు కథలు. ఫ్రాగ్ అంటే కప్ప, టోడ్ అంటే గోదురుకప్ప, ఇద్దరూ స్నేహితులు. ఫ్రాగ్ నిదానస్తుడు. టోడ్‌కి అన్నిటికీ టెన్షనే, పైగా మంచం దిగాలంటే బద్ధకం. ఒక కథలో టోడ్ ఆ రోజు చెయ్యాల్సిన పనులన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ ఉంటాడు, ఇంతలో గాలికి కాగితం ఎగిరిపోతుంది. పరిగెత్తి పట్టుకో అంటాడు ఫ్రాగ్. కాగితం వెంట పరిగెత్తడం అనే పని కాగితంలో రాసుకోలేదు కాబట్టి కుదరదంటాడు టోడ్! ఫ్రాగే పరిగెత్తుతాడు, దొరకదు, తిరిగొచ్చి టోడ్ పక్కన ఊరికే కూర్చుంటాడు. చీకటి పడేదాకా. తిట్టడు, నీతులు చెప్పడు.

"ఇలాంటోడితో ఎవరుంటారు పిన్నీ?" అంది మా పిల్ల. మీ బాబాయితో నేను ఉండట్లేదా అన్నాను.

మన కథల్లో వేరువేరు రకాల స్నేహితులు లేరా అంటే, ఎందుకు లేరు. మిత్రలాభం మొత్తం అదే కదా, చిన్నయసూరి నీతిచంద్రిక 1853 నాటిది, అసలు కథ ఇంకెంత పాతదో. కాకి, ఎలుక, తాబేలు, లేడి. కానీ అక్కడి తేడా చేతనైన పనిలో ఉంది, స్వభావంలో కాదు. ఎలుక వల కొరుకుతుంది, కాకి పైనుంచి చూసి వస్తుంది, అందరూ కలిసి వేటగాడి నుంచి బయటపడతారు. వేటగాడే రాకపోతే ఆ నలుగురూ సాయంత్రాలు ఏం మాట్లాడుకునేవాళ్లు, ఎవరికి ఎవరి మీద చిరాకొచ్చేది అన్నది మనకు తెలియదు. ఫ్రాగ్, టోడ్‌ల కథల్లో చాలావరకు వేటగాడు ఉండడు. ఒకడి తీరుతో ఇంకొకడు పడే తిప్పలే కథ. స్వభావాలు ఢీకొనే జంట అంటే నాకు చందమామలో విక్రమార్కుడు, బేతాళుడే గుర్తొస్తారు, నోరు విప్పితే పని చెడిపోయేవాడు ఒకడు, నోరు మూసుకోలేనివాడు ఇంకొకడు. (మా ఇంటికి చందమామ, పక్కింటికి దాని ఒడియా రూపం జహ్నమాము, బొమ్మలు రెండింట్లోనూ అవే.) అయితే వాళ్లది స్నేహం అనలేం లెండి.

ఇలాంటి జంటల వల్ల చదువుకునే పిల్లకి ఇంకో లాభం ఉంది, అది నాకు పక్కన కూర్చుని చదివిస్తేనే అర్థమైంది. మనుషులు ఎలాంటివాళ్లో వర్ణించడానికి ఈ పుస్తకాల్లో చోటు లేదు, వాడగలిగే మాటలు కూడా కొన్నే. ఒకడు "పద" అని ఇంకొకడు "నేను రాను" అన్నాడంటే ఇద్దరూ ఎలాంటివాళ్లో తెలిసిపోతుంది. మో విలెమ్స్ ఏనుగు, పందిపిల్ల పుస్తకాల్లో (2007 నుంచి 2016 దాకా 25 వచ్చాయి, ఇవి చాప్టర్ బుక్స్ కంటే ఒక మెట్టు కింద) మధ్యలో కథ చెప్పేవాడే ఉండడు, అన్నీ బుడగల్లో మాటలే. ఏనుగు కంగారు మనిషి అని తెలుసు కాబట్టి తర్వాతి మాట సగం ఊహకే అందుతుంది, మిగతా సగం కూడబలుక్కుంటే చాలు. మా ఊరి తెలుగు పిల్లలకు కావలసింది సరిగ్గా ఇదే. తెలుగు మాట గలగలా వస్తుంది, అక్షరం దగ్గరే తడబడతారు.

పిల్లలు మాట్లాడే భాషలోనే వాళ్ల పుస్తకాలు ఉండాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పట్టుబట్టింది ఈ పర్లాకిమిడిలో ఉన్నప్పుడే. సవర పిల్లల కోసం సవరలో వాచకాలు రాసిందీ ఆయనే. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు దొరికే తెలుగు పిల్లల కథల్లో కుందేలు తాబేలుని "ఓ మిత్రమా" అనే పిలుస్తోంది.

యానీ బారోస్ రాసిన ఐవీ, బీన్ పుస్తకాల తీరు వేరు, మొదటిది 2006లో వచ్చింది. బీన్ గోల పిల్ల, ఐవీ గౌను వేసుకుని పుస్తకం పట్టుకుని కూర్చునే పిల్ల. బుద్ధిమంతురాలితో ఆడుకోవడం బోరని బీన్ దూరంగా ఉంటుంది. తీరా చూస్తే ఐవీ మంత్రగత్తె కావాలని సాధన చేస్తోంది. నెమ్మదిగా ఉండే పిల్లలు లోపల కూడా నెమ్మదిగానే ఉంటారని ఎవరన్నారు? మా వీధిలో ఒక ఒడియా పాప ఉంది, మా పిల్ల పది మాటలంటే అది ఒకటి అంటుంది. ఇద్దరూ టోడ్ కథని చెరొకరి మాటలు పంచుకుని చదువుతామన్నప్పుడు టోడ్ నాకే కావాలని పేచీ పెట్టింది ఆ పాపే. టోడ్‌కైతే అరిచే ఛాన్స్ ఎక్కువ కదా.

నాకు నచ్చనివి ఇంకో రకం. చివరి పేజీకల్లా భయస్తుడికి ధైర్యం, అల్లరి పిల్లకి బుద్ధి వచ్చేసే పుస్తకాలు. అందులో స్నేహితుడు టీచర్ అయిపోతాడు. లోబెల్ ఆ పని చెయ్యడు. బిస్కెట్లు తినడం ఆపలేకపోతున్నారని ఫ్రాగ్ వాటిని పిట్టలకు వేసేస్తాడు, టోడ్ ఏమో కేక్ చేసుకుంటానని ఇంటికి వెళ్లిపోతాడు, కథ అయిపోతుంది. నాలుగో పుస్తకం చివరి కథలో ఒంటరిగా ఉండాలనుందని ఫ్రాగ్ చీటీ రాసి వెళ్లిపోతాడు. టోడ్ గుండె జారిపోతుంది, స్నేహం అయిపోయిందనుకుంటాడు, తినడానికేవో కట్టుకుని వెతుక్కుంటూ పోయి నీళ్లలో పడతాడు. సంతోషంగా ఉన్నాను కాబట్టే, ఆ సంతోషం గురించి ఆలోచించుకోవడానికి ఒక్కడినే కూర్చున్నానంటాడు ఫ్రాగ్. ఇది చదివాక మా పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదు, మాకది వింతే.

ఇలా ఇద్దరే ఉండి, చివరికి ఎవరూ బాగుపడకుండా, "ఓ మిత్రమా" అనుకోకుండా సాగే పుస్తకాలు తెలుగులో మీకు తెలిస్తే పేర్లు చెప్పండి. పర్లాకిమిడికి కూడా కొరియర్ వస్తుంది, కాస్త ఆలస్యంగా.